బాత్‌టబ్‌లో మొండి మరకలు: యాసిడ్ సీసా తెచ్చే ముందు ఇవి చూడండి

ఈద్ నాలుగు రోజులుందనగా ఇల్లంతా కడగడం మొదలవుతుంది. పరుపులు ఎండలో వేస్తారు, కర్టెన్లు ఉతుకుతారు, వంటగది డబ్బాలు తోముతారు. బాత్రూమ్ దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోతుంది. టబ్ అంచు మీద తెల్ల గీత, కొళాయి కింద ఎర్ర చార, మూల టైల్స్ మధ్య నల్ల మచ్చలు. సబ్బుతో రుద్దినా, సర్ఫ్ నీళ్లు పోసినా కదలవు. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "కిరాణా కొట్లో యాసిడ్ సీసా తెప్పించండి, ఒక్క నిమిషంలో పోతాయి." ఇంకొకరు అందుకుంటారు: "దాంతోపాటు కాస్త బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లండి, అద్దంలా మెరుస్తుంది."

ఈ రెండో సలహా ప్రాణం మీదికి తెస్తుంది. మొదటి సలహా టబ్‌నే పాడు చేస్తుంది. నిజానికి తిరుపతి, చిత్తూరు ఇళ్లలో కనిపించే మరకల్లో ఎక్కువ భాగం పోవడానికి యాసిడ్ సీసా అక్కర్లేదు. మరక ఏంటో, టబ్ దేంతో చేసిందో ఈ రెండూ తెలిస్తే చాలు. మిగతా పని వంటింట్లో ఉండే వస్తువులే చేస్తాయి.

టబ్ అంటే హోటల్ గదుల్లో ఉండే పొడవాటి బాత్‌టబ్ ఒక్కటే కాదు. కొత్త అపార్ట్‌మెంట్లలో అది కూడా కనిపిస్తోంది గానీ, చాలా ఇళ్లలో టబ్ అంటే బాత్రూమ్ మూల కట్టిన సిమెంటు తొట్టి, పిల్లలకు స్నానం చేయించే ప్లాస్టిక్ టబ్, నీళ్లు పట్టే పెద్ద బకెట్టు. వీటన్నిటి మీదా పడే మరకలు ఒకటే. శుభ్రం చేసే పద్ధతి మాత్రం ఒకటి కాదు.

మరక నీళ్లలోనే ఉంది

చాలామంది మరక అంటే మురికి అనుకుంటారు. ఇల్లు సరిగ్గా కడగట్లేదని కోడలిని అనడం, పనిమనిషిని తిట్టడం కూడా జరుగుతుంది. కానీ మన ప్రాంతంలో టబ్ మీద పేరుకునే తెల్ల పొర మురికి కాదు, అది రాయి. నీళ్లలో కరిగి వచ్చి, నీళ్లు ఆరిపోయాక మిగిలిన రాయి.

వాన నీళ్లు భూమిలోకి ఇంకేటప్పుడు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటాయి. దాంతో నీళ్లకు కొద్దిగా ఆమ్ల గుణం వస్తుంది. ఆ నీళ్లు రాళ్ల సందుల్లో నిలిచి ఉన్న కొద్దీ రాతిలోని కాల్షియం, మెగ్నీషియం కొంచెం కొంచెంగా కరుగుతాయి. దక్షిణ రాయలసీమలో నేల కింద ఉన్నది ఎక్కువగా గట్టి గ్రానైట్ జాతి రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే దొరుకుతాయి. చిత్తూరు వైపు కరువు ఏళ్లలో బోర్లు వందల అడుగులు దాటి వెయ్యి అడుగుల దాకా పోవడం మామూలు విషయం. అంత లోతున రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీళ్లలో సాధారణంగా ఉప్పులూ ఎక్కువే ఉంటాయి. మనం "ఉప్పు నీళ్లు", "చవిటి నీళ్లు" అనేవి ఇవే. శాస్త్రం దీన్ని కఠిన జలం అంటుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు సరిపెట్టుకోవచ్చు. చాలా బోరు నీళ్లు 200 గీతను దాటే ఉంటాయి. తిరుపతిలో కల్యాణి డ్యామ్ నుంచి, తెలుగు గంగ నుంచి వచ్చే మున్సిపల్ నీళ్లు భూమి మీద నిలిచిన నీళ్లు కాబట్టి మామూలుగా వీటికంటే మెత్తగా ఉంటాయి. అందుకే ఒకే ఊళ్లో కొళాయి నీళ్లు వచ్చే వీధిలోని టబ్ రెండేళ్లయినా తెల్లగా ఉంటుంది. బోరు మీద, ట్యాంకర్ మీద బతికే పక్క వీధిలో ఆరు నెలలకే అంచుకు పొర కడుతుంది. తప్పు కడిగేవాళ్లది కాదు.

నీళ్లు ఆరినప్పుడు గానీ వేడెక్కినప్పుడు గానీ కరిగి ఉన్న కాల్షియం మళ్లీ గట్టిపడి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. సుద్దముక్కలో, సున్నపు రాతిలో, కోడిగుడ్డు పెంకులో ఉండేది కూడా ఇదే. గీజర్ లోపల, నీళ్లు కాచే బొగుణి అడుగున, వజూ చేసే కొళాయి మూతి చుట్టూ పేరుకునే తెల్ల పెచ్చు కూడా ఇదే.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. గ్లాసులో కాస్త వెనిగర్ పోసి గుడ్డు పెంకు ముక్క వేయండి. చిన్న చిన్న బుడగలు లేస్తాయి. ఒక పూట వదిలేస్తే పెంకు మెత్తబడిపోతుంది. టబ్ మీది తెల్ల పొరకు జరగాల్సింది కూడా ఇదే. పులుపు తగలాలి, సమయం ఇవ్వాలి. బలంగా రుద్దడం దీనికి మందు కాదు.

ముందు మరకను గుర్తుపట్టండి

తెల్లగా, గరుకుగా, గోటితో గీకితే పొడి రాలుతుంటే అది నీళ్ల ఉప్పు. దీనికి పులుపు కావాలి.

ఎర్రగా గానీ పసుపు గోధుమ రంగులో గానీ కొళాయి కింద చారలా ఉంటే అది ఇనుము, అంటే తుప్పు. నీళ్లలో ఇనుము లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే మరకలు మొదలవుతాయి. పాత ఇనుప పైపుల నుంచి కూడా వస్తుంది. దీనికీ పులుపే మందు.

బూడిద రంగులో, జిడ్డుగా, వేలితో రాస్తే జారుతూ ఉంటే అది సబ్బు పెచ్చు. ఉప్పు నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి నురగ రాకుండా చేసి, జిగట ముద్దగా మారి అంచుకు అతుక్కుంటుంది. దీనికి వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, వంటసోడా.

నల్లగా, చుక్కలు చుక్కలుగా, మూలల్లో, టైల్స్ సందుల్లో ఉంటే అది బూజు. గులాబీ రంగు జిగట పొర అయితే అది బాక్టీరియా. ఈ రెండూ ప్రాణమున్నవి. తడి ఆరని చోట పెరుగుతాయి. వీటికి మాత్రమే బ్లీచింగ్ పని చేస్తుంది.

నీలం, ఆకుపచ్చ కలిసిన మరక అయితే ఇత్తడి కొళాయి నుంచో, రాగి పైపు నుంచో వచ్చింది. దీనికి కూడా పులుపే.

ఒకే టబ్‌లో వీటిలో మూడు నాలుగు కలిసి ఉండొచ్చు. ఒకరోజు ఒక దాని పని పట్టండి. అన్నీ ఒకేసారి పోవాలని అన్ని డబ్బాలూ ఒకేసారి పోయడంతోనే ప్రమాదం మొదలవుతుంది.

టబ్ దేంతో చేసిందో చూడండి

ఈ విషయం చాలామంది పట్టించుకోరు. మరక సున్నం. మన ఇళ్లలో చాలా తొట్లు, గచ్చులు కూడా సున్నపు జాతివే. మరకను తినే పులుపు బండను కూడా తింటుంది.

కడప బండలు, బేతంచెర్ల బండలు సున్నపురాయి. పాలరాయి కూడా అదే జాతి. మొజాయిక్ గచ్చులో ఉండేవి పాలరాతి ముక్కలు, సిమెంటు. సిమెంటు తొట్టిలోనూ సున్నమే. వీటి మీద నిమ్మకాయ చెక్క పెట్టి మరచిపోయినా చాలు, మెరుపు పోయి మచ్చ పడుతుంది. యాసిడ్ పోస్తే పైపొర లేచిపోయి గరుకుగా అవుతుంది. గరుకైన చోట ఉప్పు ఇంకా తొందరగా పట్టుకుంటుంది. "యాసిడ్ పోసినప్పుడు తెల్లగా అయింది, నెల తిరక్కుండానే ముందుకంటే అధ్వాన్నంగా తయారైంది" అని చాలామంది అనేది ఇందుకే.

గ్రానైట్ వేరు. కుప్పం వైపు క్వారీల నుంచి వచ్చే గ్రానైట్‌ను నిమ్మ, వెనిగర్ లాంటి తేలికపాటి పులుపు ఏమీ చేయదు. మెరుపున్న సిరామిక్ టైల్స్‌కూ ఫర్వాలేదు. కానీ టైల్స్ మధ్య సందుల్లో నింపింది సిమెంటే. ఘాటు యాసిడ్ పడితే ఆ సందు కరిగి, నీళ్లు కిందికి దిగి, కింది పోర్షన్ గోడ చెమ్మెక్కుతుంది. అద్దె ఇంట్లో అయితే ఖాళీ చేసేటప్పుడు ఆ లెక్క అడ్వాన్సులోంచే తేలుతుంది.

ఇక బాత్‌టబ్‌లు. కొత్తవి ఎక్కువగా యాక్రిలిక్, ఫైబర్. ఇవి మెత్తటి ప్లాస్టిక్ జాతి. స్టీల్ పీచు, ఇసుకలా ఉండే తోముడు పౌడర్ తగిలితే గీతలు పడతాయి. ఆ గీతల్లో మరక ఇంకా లోతుగా దిగుతుంది. థిన్నర్, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం తగిలితే పైపొర కరిగిపోతుంది. పాత హోటళ్లలో ఉండే బరువైన ఇనుప టబ్‌ల మీద ఎనామిల్ పూత ఉంటుంది. దాని మీద పులుపు ఎక్కువసేపు ఉంచితే మెరుపు పోతుంది. పది నిమిషాలు దాటనివ్వకండి.

దేంతో చేసిందో తెలియకపోతే కనబడని మూల ఒక నిమ్మరసం చుక్క వేసి ఐదు నిమిషాలు ఆగి తుడవండి. బుడగ లేచినా, ఆ చోటు వెలిసినట్టు కనిపించినా ఆ టబ్‌కు పులుపు పనికిరాదు.

తెల్ల పొర తీసే పద్ధతి

కావాల్సింది నిమ్మ ఉప్పు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దీన్నే నీంబూ కా సత్ అంటారు. కిరాణా కొట్లో తక్కువ ధరకే దొరుకుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాములు కరిగించండి. అది లేకపోతే తెల్ల వెనిగర్‌ను ఉన్నదున్నట్టే వాడొచ్చు. ఇంట్లో పాత నూలు గుడ్డలు ఉంటే చాలు.

ముందు టబ్‌ను మామూలు నీళ్లతో, గిన్నెల లిక్విడ్‌తో కడగండి. పైన జిడ్డు ఉంటే పులుపు లోపలికి దిగదు. తర్వాత గుడ్డను నిమ్మ ఉప్పు నీళ్లలో ముంచి, మరక మీద పరచండి. నిలువు అంచుల మీద కూడా తడి గుడ్డ అతుక్కుని నిలుస్తుంది. దాని మీద పాత ప్లాస్టిక్ కవర్ కప్పండి. ఇది ఎందుకంటే గుడ్డ ఆరిపోతే పని ఆగిపోతుంది. యాక్రిలిక్ టబ్‌కు, సిరామిక్‌కు అరగంట నుంచి గంట. తర్వాత నైలాన్ బ్రష్‌తో గానీ పాత టూత్ బ్రష్‌తో గానీ రుద్ది కడిగేయండి. ఏళ్ల తరబడి పేరుకున్న పొర ఒక్కసారికి పోదు. మూడు నాలుగు రోజులు రోజుకోసారి చేయండి. ప్రతిసారీ ఒక పొర పలచబడుతుంది.

కొళాయి మూతికి, షవర్‌కు గుడ్డ చుట్టడం కష్టం. చిన్న ప్లాస్టిక్ కవర్‌లో వెనిగర్ పోసి, మూతి మునిగేలా కట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. అరగంట చాలు. మెరుపు పూత ఉన్న కొళాయిలను అంతకంటే ఎక్కువ నానబెట్టొద్దు. తీశాక నీళ్లతో బాగా కడగండి. షవర్ రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు సన్నగా వస్తుంటే దీంతోనే దారికి వస్తాయి.

ఇఫ్తార్ షర్బత్‌కు పిండిన నిమ్మ చెక్కలు పారేయకండి. స్టీల్ బకెట్టు అంచు, కొళాయి మొదలు రుద్దడానికి అవి చాలు.

సిమెంటు తొట్టికి, కడప బండకు ఈ పద్ధతి వద్దు. వేడినీళ్లు పోసి నానబెట్టి, వంటసోడా ముద్దతో నైలాన్ బ్రష్ వేసి రుద్దండి. మందంగా ఉన్న పెచ్చును చెక్క గరిటెతో గానీ ప్లాస్టిక్ ముక్కతో గానీ గీకండి. పూర్తిగా కొత్తదానిలా రాదు. తొట్టి లోపలి పూత మరీ పాడైతే టైల్స్ వేయించుకోవడమే మేలు.

ఫోన్లలో తిరిగే వీడియోల గురించి ఒక మాట. వంటసోడా, వెనిగర్ రెండూ కలిపి పోయమంటారు. బుస్సుమని పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒకటి పులుపు, ఇంకొకటి దాని విరుగుడు. రెండూ కొట్లాడుకుని చివరికి మిగిలేది ఉప్పు నీళ్లలాంటి ద్రవం. ప్రమాదం లేదు, ఉపయోగమూ పెద్దగా లేదు. సోడాను జిడ్డుకు, వెనిగర్‌ను తెల్ల పొరకు విడివిడిగా వాడండి.

తుప్పు మరక, మెహందీ మరక

కొళాయి కింద ఎర్ర చార చూసి చాలామంది బ్లీచింగ్ చల్లుతారు. ఇది సరిగ్గా తిరగబడుతుంది. బ్లీచింగ్ ఇనుమును మరింత తుప్పు పట్టిస్తుంది, మరక ముదురుతుంది. ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపిన రోజు కొన్ని ఇళ్లలో నీళ్లు ఎర్రబడటానికి కారణమూ అదే. అప్పటిదాకా నీళ్లలో కనబడకుండా కరిగి ఉన్న ఇనుము బయటపడుతుంది. తుప్పుకు నిమ్మ ఉప్పు ముద్ద చేసి పూసి, తడి ఆరకుండా అరగంట ఉంచి రుద్దండి. రెండు మూడు సార్లకు పోతుంది. కొళాయి కారుతుంటే ముందు దాని వాషర్ మార్పించండి. చుక్క ఆగకపోతే చార మళ్లీ వస్తుంది.

పండగ ముందు రోజు రాత్రి మెహందీ కడిగిన టబ్‌లో నారింజ రంగు మచ్చలు పడతాయి. నున్నటి సిరామిక్, యాక్రిలిక్ మీద వెంటనే తుడిస్తే రంగు పెద్దగా పట్టదు. తెల్లవారేదాకా వదిలేస్తే పడుతుంది. అప్పుడు వంటసోడాలో నాలుగు చుక్కల గిన్నెల లిక్విడ్ కలిపి ముద్ద చేసి, పది నిమిషాలు ఉంచి మెత్తటి గుడ్డతో రుద్దండి. టైల్స్ సందుల్లో, సిమెంటులో ఇంకిన రంగు మాత్రం కొన్ని వారాలు ఉండి నిదానంగా వెలుస్తుంది. అన్నిటికంటే తేలిక పని, మెహందీని టబ్‌లో కాకుండా బకెట్టులో కడిగి పారబోయడం.

నల్ల బూజుకు, గులాబీ జిగటకు

ఇక్కడ బ్లీచింగ్ పనికొస్తుంది. తలుపు, కిటికీ తెరవండి, చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకోండి. సీసాలో దొరికే బ్లీచ్ ద్రవం అయితే ఒక వంతుకు పది పన్నెండు వంతుల నీళ్లు కలిపి, బూజు మీద పూసి పదిహేను నిమిషాలు ఆగి కడగండి. సబ్బు గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ, వెనిగర్ గానీ అందులో కలపొద్దు. అదే రోజు అక్కడ పులుపు వాడి ఉంటే బ్లీచింగ్ పనిని మర్నాటికి వాయిదా వేయండి.

బ్లీచింగ్ మరకను చంపుతుంది గానీ తడిని ఆపదు. గాలి ఆడని బాత్రూమ్‌లో బూజు మళ్లీ వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకపోతే స్నానం అయ్యాక తలుపు కాసేపు తీసి ఉంచడం మందుతో సమానం.

ఈ రెండూ ఎప్పుడూ కలపొద్దు

బ్లీచింగ్ పౌడర్ కొత్త వస్తువు కాదు. 1799లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చార్లెస్ టెనెంట్ బట్టలు తెల్లబరచడానికి దీని మీద పేటెంట్ తీసుకున్నాడు. క్లోరిన్ వాయువును సున్నంలో బంధించి పొడిగా మార్చడమే అందులోని కిటుకు. ఆ పొడి మీద యాసిడ్ పడితే ఆ బంధం తెగిపోతుంది. బంధించిన క్లోరిన్ బయటికి వస్తుంది.

క్లోరిన్ అంటే ఏంటో ప్రపంచం 1915 ఏప్రిల్ 22న చూసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి అది పైకి పోకుండా నేల వెంట పాకి కందకాల్లోకి దిగింది. బాత్రూమ్‌లో కూడా అంతే. కింద గొంతుక్కూర్చుని గచ్చు రుద్దే మనిషి ముక్కు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. పక్కన ఆడుకునే చిన్నపిల్లల ముక్కు కూడా.

కొట్టులో "బాత్రూమ్ యాసిడ్" అని అమ్మేది సాధారణంగా హైడ్రోక్లోరిక్ యాసిడ్. చాలా టాయిలెట్ క్లీనర్లలోనూ అదే ఉంటుంది, కాస్త పలచగా. కొన్ని క్లీనర్లలో మాత్రం బ్లీచ్ ఉంటుంది. రెండు వేర్వేరు కంపెనీల సీసాలు ఒకదాని మీద ఒకటి పోసినా ఇదే జరగొచ్చు. అందుకే సీసా వెనుక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. హైపోక్లోరైట్ అని కనిపిస్తే అది బ్లీచ్. దాని పక్కకు యాసిడ్, నిమ్మ ఉప్పు, వెనిగర్ ఏవీ రాకూడదు. అమోనియా ఉన్న గాజు క్లీనర్లు కూడా బ్లీచ్‌తో కలిస్తే ఊపిరి ఆడనివ్వని వాయువే పుడుతుంది.

యాసిడ్ అమ్మకం మీద కట్టడి కూడా ఉంది. యాసిడ్ దాడుల బాధితురాలు లక్ష్మి వేసిన కేసులో 2013లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. కొనేవారి వివరాలు రిజిస్టర్‌లో రాయాలి, గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదు. పిల్లాడి చేతికి పది రూపాయలిచ్చి కొట్టుకు పంపడం ఏ రకంగానూ సరికాదు. తెచ్చిన యాసిడ్‌ను నీళ్ల బాటిల్‌లో, కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసి పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. దాహం వేసిన పిల్లాడికి అది నీళ్లలాగే కనిపిస్తుంది.

ప్రమాదం జరిగితే

ఘాటు వాసన వచ్చి కళ్లు మండి, దగ్గు మొదలైతే ఏ డబ్బా మూత పెట్టాలా అని ఆలోచించకండి. వెంటనే బయటికి రండి. పిల్లల్ని, పెద్దవాళ్లను ఆ గదికి దూరంగా గాలి ఆడే చోటికి తీసుకెళ్లండి. దగ్గు ఆగకపోయినా, గుండె బిగదీసినట్టున్నా ఆసుపత్రికి వెళ్లాలి. క్లోరిన్ దెబ్బ కొన్నిసార్లు కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది. "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని ఊరుకోవద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కంట్లో పడితే కొళాయి కింద కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు ధార ఆపకుండా కడగాలి. ఆ తర్వాతే ఆసుపత్రికి. ఒంటి మీద పడితే తడిసిన బట్టలు తీసేసి అలాగే నీళ్లు పోయాలి. పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు. లోపలికి వెళ్లేటప్పుడు కాల్చిన యాసిడ్ బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. 108కి ఫోన్ చేయండి. సీసాను వెంట తీసుకెళ్లండి, డాక్టర్‌కు అందులో ఏముందో తెలియాలి.

మసీదుల వజూఖానాల్లో కూడా ఈ జాగ్రత్త అవసరం. అక్కడా టైల్స్ మీద, కొళాయిల మీద ఇదే తెల్ల పొర. కమిటీ వాళ్లు కడిగించేటప్పుడు యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఒకే పూట ఇవ్వొద్దు. కడిగే మనిషికి గ్లౌజులు, చెప్పులు ఉండాలి. పని నమాజుకు, నమాజుకు మధ్య పెట్టుకుని, అంతా నీళ్లతో కడిగాకే జనాన్ని రానివ్వాలి. అక్కడికి వచ్చేవాళ్లు వట్టి కాళ్లతో వస్తారు, ఆ గట్టు మీదే కూర్చుంటారు.

మళ్లీ రాకుండా

నీళ్లు ఆరితేనే ఉప్పు మిగులుతుంది. ఆరకముందే తుడిచేస్తే మిగలడానికి ఏమీ ఉండదు. ఇంట్లో ఆఖరున స్నానం చేసినవాళ్లు పొడి గుడ్డతో టబ్ అంచు, కొళాయి ఒక్కసారి తుడవాలి. నిమిషం పని. గుడ్డ కొళాయి పక్కనే మేకుకు వేలాడుతుంటే ఎవరికీ బద్ధకం రాదు. బోరు నీళ్ల ఇళ్లలో వారానికోసారి పలచటి నిమ్మ ఉప్పు నీళ్లతో తుడుచుకుంటే పొర కట్టదు. సున్నపు బండలకు మాత్రం వట్టి నీళ్లే.

పటిక వేస్తే నీళ్లు మెత్తబడతాయని కొందరంటారు. పటిక బురదను అడుక్కి దించుతుంది, కరిగిన ఉప్పును తీయదు. ఇంటి మొత్తానికి కఠినత్వం తగ్గించాలంటే సాఫ్ట్‌నర్ యంత్రం పెట్టాలి. అది నీళ్లలోని కాల్షియంను తీసుకుని బదులుగా సోడియం వదులుతుంది. దానికి ఎప్పటికప్పుడు ఉప్పు పోయాలి, ఖర్చూ ఉంటుంది. కొత్త గీజర్, కొత్త బాత్‌టబ్ పెట్టించుకునేవాళ్లు ముందు నీళ్ల పరీక్ష చేయించుకుని తర్వాత ఆలోచించడం మంచిది. అద్దె ఇంటి కోసం వెతికేవాళ్లు కూడా బాత్రూమ్ కొళాయి మూతి ఒకసారి చూడాలి. ఆ ఇంటి నీళ్లెలా ఉన్నాయో అదే చెబుతుంది.

ఈసారి పండగ పని పది రోజుల ముందే మొదలుపెట్టండి. మొదటి రోజు జిడ్డు. తర్వాత నాలుగు రోజులు రోజుకో తడి గుడ్డతో తెల్ల పొర, తుప్పు. ఒక రోజు విరామం. ఆ తర్వాత బూజు. పదో రోజుకు టబ్ తెల్లగా ఉంటుంది, కడిగిన చేతులు కూడా బాగుంటాయి. తొందరపడేవాళ్లకే యాసిడ్ కావాలి. రోజులు చేతిలో ఉన్నవాళ్లకు కిరాణా కొట్లో కొన్న నిమ్మ ఉప్పు పొట్లం చాలు.